మూడో విజిల్

టీవీ చానల్ ఆఫీసులో ప్రేక్షకుల ఫోన్లు ఎత్తే ఉద్యోగికి, ఒకావిడ వంటింట్లోంచి ఫోన్ చేసింది.

“ఇందాక వార్తల్లో కుక్కర్ పేలి ముగ్గురికి కాలిందన్నారు. ఏ కంపెనీది బాబూ?”

“ఒక ప్రముఖ కంపెనీది అని చెప్పాం కదండీ.”

“మా ఇంట్లోదీ ప్రముఖ కంపెనీదే. పొయ్యి మీదుంది. రెండు విజిల్స్ వచ్చాయి, మూడోది రానివ్వమంటావా?”

“పేరు చెప్తే నా ఉద్యోగం పోతుందండీ.”

“చెప్పకపోతే నా మొహం కాలుతుంది. సరే, మూత మీదున్న పేరు చదువుతాను. అవునో కాదో చెప్పు, చాలు.”

“అదీ కుదరదండీ. ఇంకేమైనా సాయం కావాలా?”

“నువ్వు చేసింది చాల్లే. పెట్టేయ్.”

“ఒక్క క్షణం ఉండండమ్మా. మా వార్తలకి స్పాన్సర్ ఎవరో ప్రతి ఫోన్ చివరా చెప్పి తీరాలి. మా ఆఫీసు రూల్.”

అతను ఆ పేరు నింపాదిగా, రెండుసార్లు చెప్పాడు. అవతల పొయ్యి కట్టేసిన చప్పుడు వినిపించింది.

“మూత మీదున్నదీ అదే బాబూ. మా బిల్డింగులో ఇంకా నలభై ఇళ్లున్నాయి. అందరిచేతా నీకు ఫోన్ చేయిస్తాను.”

“చేయించండమ్మా. రూల్ అందరికీ ఒకటే.”