గట్టు అవతలి ఇసుక

ఎడారి అంచున ఒంటరి ఇల్లు. వాకిట్లో ఆ ఇంటి ముసలి రైతు, మట్టి పరీక్షలు చేసే ఆఫీసు అమ్మాయి.

“మట్టి పొట్లం కట్టి ఉంచానుగా తల్లీ. మళ్ళీ జీపులోంచి ఆ గొట్టం ఎందుకు దించావు?”

“ఈసారి మట్టి నేనే తవ్వి తీయాలి బాబాయ్.”

“ఎండ నిప్పులు చెరుగుతోంది. కూర్చో. టీ పెడతాను.”

“టీ తర్వాత. ముందు పొలం చూపించండి.”

“ఏముంది చూడ్డానికి? ఇసుక. పోయినసారీ ఇసుకే, అటుపోయినసారీ ఇసుకే. నువ్వే రాశావుగా.”

“రాశాను. అందుకే నిన్న కాగితం వచ్చింది. మూడేళ్ళయినా నేల బాగుపడకపోతే నీళ్ళ పైపు పీకేస్తారట. మిమ్మల్ని రోడ్డు పక్క కాలనీకి మారుస్తారట.”

“పీకేస్తారా? నేల బాగాలేకపోతే మళ్ళీ మళ్ళీ వచ్చి చూస్తామన్నారుగా!”

“అది నిన్నటి దాకా. తప్పుకోండి.”

“ఇంటి వెనక ఆ ఎత్తు కంచె దాటకు... ముళ్ళు... పాములుంటాయి తల్లీ!”

“పదిసార్లు వచ్చి ఉంటాను. పదిసార్లూ పాములన్నారు. ఒక్కటీ కనబడలేదు.”

“నా మాట విను...”

“అమ్మో! ఇదేంటి బాబాయ్?”

“ఏది?”

“ఈ జొన్న! నా భుజం దాకా ఉంది.”

“ఏదో... ఆ మధ్య నాలుగు చినుకులు పడ్డాయిగా.”

“చినుకులా? నీళ్ళు నిలవడానికి ఈ గుంటలు, గుంటలో మేకల ఎరువు, పైన జానెడు మందాన గడ్డి. ఇదంతా చినుకులే చేశాయా? ఉండండి, గడ్డి తీసి చూస్తాను.”

“తీయకు, తడి ఆరిపోతుంది.”

“వానపాములు! బాబాయ్, ఈ ఇసుకలో వానపాములు!”

“పాములుంటాయని చెప్పానా లేదా?”

“నవ్వించకండి. దొంగకి తేలు కుట్టినట్టు అలా నిలబడిపోయారేం? పొట్లాల్లో ఏం పెట్టి ఇచ్చారో చెప్పండి.”

“గట్టు అవతలి ఇసుక.”

“మీ పొలంది కాదన్నమాట.”

“మొదటి ఏడాది నాదే ఇచ్చాను. తర్వాత... పక్క తోటాయన నేల బాగుపడిందని రాశావు, గుర్తుందా? ఆఫీసు వాళ్ళొచ్చి చేయి కలిపి, ఫోటో తీసుకుని పోయారు. మళ్ళీ ఆయన గుమ్మంలో ఒక్క జీపు ఆగలేదు. జ్వరంతో పడుకుని పోతే, మూడో రోజుకి గానీ ఎవరికీ తెలియలేదు. పక్కనున్నవాణ్ణి, నాకే తెలియలేదు!”

“అందుకని?”

“బాగుపడ్డ నేలకి ఎవరొస్తారు తల్లీ? మూడు నెలలకోసారి నువ్వొస్తావు, ఓ గంట కూర్చుంటావు. ఆ గంట తప్ప నేను నోరు తెరిచేది మేకలతోనే. ఒక్కోసారి నా గొంతు నాకే కొత్తగా ఉంటుంది.”

“రమ్మని నోటితో అడగొచ్చుగా.”

“ఏమని అడగను? ఊరికే వచ్చిపో అనా? నీకు నేనేమవుతానని?”

“బాబాయ్ అంటున్నానుగా.”

“అందరూ అంటారమ్మా ఆ మాట. సరే, ఏం రాస్తావు?”

“ఉన్నదే రాస్తాను. నేల పండింది. పొలం మీదే, పైపు మీదే.”

“నువ్వో?”

“నన్ను ఇంకో వైపు వేస్తారు. బాగుపడని పొలాల వైపు.”

“పోనీ, ఇసుకనే రాసెయ్. కాలనీలో మనుషులైనా ఉంటారు.”

“మూడేళ్ళు గంపలు మోసి చేసిన నేల ఇది! దీన్ని వదిలి ఆ రేకుల గదిలో ఎన్నాళ్ళుంటారు? రాయను.”

“ఇన్నాళ్ళూ రాశావుగా, పాపం తెలియక.”

“తెలియకేం కాదు. రెండేళ్ళ కిందటే చూశాను. మీ కాళ్ళకి అంటిన మట్టి నల్లగా ఉంది, పొట్లంలో ఇసుక తెల్లగా ఉంది. అయినా ఇసుకనే రాస్తూ వచ్చాను. నేనొస్తానని ఎదురుచూసే మనిషి నాకూ మీరొక్కరే బాబాయ్.”