మూడో నంబరు రెక్క: వాల్దొమీరో జానొతెల్లి గారికి వీడ్కోలు

1989 మార్చి 6, సోమవారం ఉదయం, వాల్దొమీరో జానొతెల్లి గారు మన సెర్రా మాన్సా ఏరో క్లబ్బు వర్క్‌షాపులో మెకానిక్‌గా చేరారు. వైమానిక దళంలో పదకొండేళ్లు పనిచేసి వచ్చిన ఆయనకు ఆనాడు మనం అప్పగించినవి పిచ్చుకలు గూళ్లు కట్టుకున్న నాలుగు టి-6 అస్థిపంజరాలు. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఆ శిక్షణ విమానాలను రేకు రేకునా విప్పి, దొరకని భాగాలను స్వయంగా చేసి, ఐదేళ్లలో నాలుగింటినీ తిరిగి ఆకాశానికెత్తిన ఘనత ప్రధానంగా ఆయనదే.

బాగుచేసినవాడే నడపాలని అప్పటి అధ్యక్షులు పట్టుబట్టడంతో, 1994లో ఆయన మన ప్రదర్శన బృందంలో మూడో నంబరు పైలట్ అయ్యారు. నాయకుడి విమానానికి ఎడమ పక్క, రెక్కకూ రెక్కకూ ఒకటిన్నర మీటరు ఎడం. ఆ స్థానంలో ఆయన ఇరవై నాలుగేళ్లు ఎగిరారు.

అక్కడ కూర్చున్నవారికే తెలిసే వింత ఒకటుంది. గంటకు రెండున్నర వందల కిలోమీటర్ల వేగంలో పక్క విమానం కదలదు. గాలిలో తగిలించిన పటంలా నిలిచి ఉంటుంది. దాని మరచీలలు లెక్కపెట్టవచ్చు, ఇంజను మూత మీద జారే నూనె చుక్కను చూడవచ్చు, నాయకుడు తార్సీజియో మీసం దువ్వుకోవడం కూడా చూడవచ్చు. కొండలూ నదీ ద్రాక్షతోటలూ కింద పరిగెత్తుతాయి గానీ, వాటివైపు చూసే హక్కు మూడో నంబరుకు లేదు. నాయకుడి రెక్క చివరి దీపం, అతని విమానం పొట్ట మీది నక్షత్రం ఒకే గీతలో ఉన్నాయా లేదా అన్నదే ఆయన లోకం.

నిరుడు అక్టోబరులో ఆ దీపం రెండయింది.

గురువారం సాధనలో మలుపు తిరుగుతుండగా రెండు దీపాల్లో ఏది నిజమో ఆయనకు అరక్షణం తెలియలేదు. విమానం అర మీటరు లోపలికి జరిగింది. వెంటనే సర్దుకున్నారు. ఎవరూ గమనించలేదు. వైద్య పరీక్ష ఆగస్టులోనే నెగ్గారు, కాగితం జేబులోనే ఉంది. ఆదివారం పట్టణమంతా వచ్చే పెద్ద ప్రదర్శన. మూడు రోజులు ఆయన ఆ సంగతి భార్య దోన జుల్మీరా గారికి కూడా చెప్పలేదు.

ఆదివారం ఉదయం వేడి ఆకుల తేనీరు షిమార్రాన్ నింపిన సొరబుర్ర ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి మారింది. తర్వాత నలుగురూ అలవాటు ప్రకారం నేల మీదే, అరచేతులు రెక్కల్లా చాచి, ఒకరి పక్కన ఒకరు నడుస్తూ ప్రదర్శనను మననం చేసుకుంటున్నారు. ఎడమ మలుపు దగ్గర వాల్దొమీరో గారు ఆగిపోయారు.

"ఏంటన్నా, కాలు పట్టేసిందా?" అంది నాలుగో నంబరు రొజాంజెలా.

"కాలు కాదమ్మా, కన్ను. తార్సీజియో, నీ దీపం నాకు రెండుగా కనిపిస్తోందిరా."

"రాత్రి తాగిన వైనేమో!" అని నవ్వాడు తార్సీజియో.

"గురువారం నుంచీ. నీ రెక్క మీదికి వచ్చాను. నువ్వు చూడలేదు."

తార్సీజియో ఈసారి బతిమాలే గొంతుతో అన్నాడు: "ఇవాళ ఒక్కరోజు ఎడం పెంచి ఎగురుదామన్నా. నీ చోటు ఖాళీగా ఉంచి ఎగిరితే నువ్వు పోయావనుకుంటారు జనం. చనిపోయినవాళ్లకేగా మనం అలా ఎగిరేది!"

"అయితే ఖాళీ ఉంచకు. రొజాంజెలాను నా చోట పెట్టు. మూడింటితో ఎగరండి."

"నీ ఇరవై నాలుగేళ్ల చోటు అన్నా అది!"

"అందుకే చెబుతున్నా. ఆ చోట ఎంత తప్పుకు ఎంతమంది పోతారో నాకు తెలుసు."

హెల్మెట్ రొజాంజెలా చేతిలో పెట్టి, ఆయన జనంలోకి వెళ్లి భార్య పక్కన నిలబడ్డారు. మూడు పసుపుపచ్చ విమానాలు ఒకే మేకుకు వేలాడదీసినట్టు తలల మీదుగా ఉరుముతూ వెళ్లాయి. తన జీవితమంతా వెచ్చించిన దృశ్యాన్ని ఆయన కింది నుంచి చూడటం అదే మొదలు. విమానాలు దిగాక భార్యను అడిగారు:

"జుల్మీరా, ఇన్నేళ్లూ కింది నుంచి చూశావుగా, నేనెలా కనబడేవాణ్ణి?"

"నాకేం తెలుసు? నలుగురూ అంత అంటుకుపోయి ఎగిరితే ఎవరు మీరో ఎలా తెలుస్తుంది? అందుకే మరియమ్మ తల్లికి నలుగురి కోసమూ జపమాల తిప్పేదాన్ని. ఇవాళ ముగ్గురే కదా, వేళ్లకి కాస్త సుఖం."

ఆకాశంలో దగ్గరగా ఎగరడమంటే ఏమిటో మా పుస్తకాలేవీ ఇంత బాగా చెప్పలేదు.

కంటి కండరం సడలిందనీ, ఇక కుదురుకోదనీ వైద్యులు తేల్చారు. అయినా ఈ మార్చి వరకు ఆయన వర్క్‌షాపు బాధ్యత మోసి, ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. జంటగా మన క్లబ్బు మైదానంలో కుర్చీలు వేసుకుని, నిండు నూరేళ్లు ఆరోగ్యంగా, మెడలు నొప్పెట్టేదాకా ఆకాశాన్ని చూస్తూ ఉండాలని మా అందరి ఆకాంక్ష. దోన జుల్మీరా గారికి మాత్రం ఒక విన్నపం: మీవారు దిగిపోయారు గానీ, అమ్మా, మేమింకా పైనే ఉన్నాం. జపమాల ఆపకండి.