పద్నాలుగో చుక్క

ఖగోళ పరిశోధన సంస్థలో పెద్దసారు గది. ఆయన దగ్గర పిహెచ్‌డి చేస్తున్న అమ్మాయి కాగితం పట్టుకుని వచ్చింది.

"టీ టైము, వరండాలో ఒకటే గోల. ముందు ఆ తలుపు వెయ్యి తల్లీ."

"లాగాను సార్."

"ఊఁ, చెప్పు. పద్నాలుగో చుక్కకేమొచ్చింది?"

"అది ఆ గెలాక్సీలోది కాదు సార్."

"కాకపోవడమేంటి? ఎక్స్‌రే ఫోటోలో గెలాక్సీ అంచున ధగధగా మెరుస్తుంటేనూ!"

"మెరుస్తోంది సార్. కానీ ఎక్కడో వెనకాల, బోలెడంత దూరంలో ఉంది. కిటికీ అద్దం మీద మరకనుకున్నాం, తీరా చూస్తే వీధి చివర దీపం. కాంతిని విడదీసి చూశాను. గీతలన్నీ ఎరుపు వైపు ఎంత జరిగిపోయాయో చూడండి, అంత దూరమన్నమాట. అది క్వేజార్ సార్, ఇంకేదో దూరపు గెలాక్సీ నడిబొడ్డున వెలిగేది."

"క్వేజారా, నీ మొహం! పదకొండేళ్ళుగా లోకమంతా దాన్ని కొత్తరకం బ్లాక్‌హోల్ అంటోంది."

"అన్నది మీరు సార్. లోకం నమ్మింది."

"నోరు బాగా లేస్తోందే!"

"తప్పుగా అనుకోకండి. నా థీసిసంతా ఆ చుక్క మీదే. నాలుగేళ్ళు సార్..."

"మరి! ఎల్లుండి సభ. అక్కడ చదివే పేపరు మీద నా పేరు పక్కన నీ పేరూ ఉంది. పక్క నక్షత్రం వెలుగు కలిసుంటుంది. మళ్ళీ తియ్యి."

"మూడుసార్లు తీశాను."

"నాలుగోసారి తియ్యి. సభయ్యాక."

"సార్, టెలిస్కోపు రిజిస్టర్ చూశాను. ఆరేళ్ళ కిందట ఇదే చుక్కని అక్క చూసింది."

"ఏ అక్క?"

"నాకన్నా ముందు మీ దగ్గర చేసిన అక్క."

"ఓ, ఆ పిల్లా. దానికి ఓపిక తక్కువ. మధ్యలో వదిలేసి పోయింది."

"ఓపిక లేకే గంటన్నర సేపు దాన్నే చూసిందా? ఆ ఫైలొక్కటీ కనపడట్లేదు సార్."

"పాత ఫైళ్ళు... పోతుంటాయి."

"అదొక్కటేనా?"

"చూడు తల్లీ, నీ మంచికే చెప్తున్నా. నాకింకో ఏడాది సర్వీసుంది. ఆ తర్వాత క్వేజారను, గాడిదగుడ్డను, నీ ఇష్టం. అప్పటిదాకా ఈ సంగతి నీకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలియకూడదు."

"అంటే మీకు ముందే తెలుసు."

"తెలుసు. అయితే ఏంటట? ఆ పిల్లకీ ఇదే చెప్పాను, వింటేగా! వినుంటే ఈపాటికి డాక్టరేటొచ్చేది. ఇప్పుడెక్కడో స్కూల్లో లెక్కలు చెప్పుకుంటోంది."

"పొద్దున ఫోన్ చేశాను సార్."

"చేశావా? ఏ... ఏమంది?"

"ఏడ్చినట్టుంది. పెట్టేసే ముందు ఒక్కటే చెప్పింది. 'ముందు తలుపు వెయ్యమంటారు, వెయ్యకు' అని."

"వేశావుగా?"

"దగ్గరికి లాగానంతే సార్. వరండాలో గోల ఆగిపోయి ఎంతసేపయిందో, మీరు గమనించలేదా?"