బండి మెల్లగ రమ్మను

"రెండు రూములు, ముంగట వాకిలి, ఖాళీగుందంటివి. ఇండ్ల మనుషులున్నరు కదన్నా. బట్టలు గూడ ఆరేసిండ్రు."

"నిన్న ఖాళీనే ఉండె అక్కా. రాత్రికి రాత్రి దిగినట్టున్నరు."

"రాత్రి దిగినోళ్ల తులసిచెట్టు తెల్లారేసరికి గంత పెద్దగైతదా?"

"సరే తియ్యి. ఒక్కటి పోతే ఇంకోటి. బండెక్కు."

నారాయణఖేడ్ బస్టాండు వెనక గల్లీ. పొద్దున పదిన్నర. కిరాయి ఇళ్లు చూపించే ధర్మేందర్ మోటార్ సైకిల్ మళ్లీ స్టార్ట్ చేశాడు. సునీత అనే ఆవిడ వెనక కూర్చుంది. ఆమెను అతను చూడటం ఈ రోజే మొదలు.

"నాకు రోజుల్లేవన్నా. ఇయ్యాల్నే కావాలె. పన్నెండున్నర లోపల."

"పన్నెండున్నర లోపల్నా? ఇల్లా, ఇడ్లీనా అక్కా? ఇయ్యాల మంగళారం. మంగళారం ఎవరన్న కొత్తింట్ల దిగుతరా?"

"మేం దిగుతం."

"పాలు పొంగియ్యవా?"

"ముందుగాల ఇల్లు సూపియ్యి."

"ఇప్పుడున్న ఇంటాయనతోని లొల్లయిందా?"

"లొల్లేం లేదు. నిన్న తాళం మార్చిండు. సామాను బయటవెట్టిండు. పక్కోళ్ల షెడ్డుల ఉన్నది."

"ఉత్తగనే ఎవడన్న తాళం మారుస్తడా?"

"మా ఆయన పట్నంల దవాఖానల ఉండె, ఇరవై రోజుల సంది. ఇంటికి తీస్కపొమ్మన్నరని ఇంటాయనకు చెప్పిన. గంతే."

"తక్కువైతేనే కద తీస్కపొమ్మంటరు. దానికి తాళమెందుకు? ఏందక్కా, ఇనవడ్తలేదా?"

"ఇనవడ్డది. తీస్కపొమ్మన్నరు."

"ఏం బీమారి?"

"లివర్."

"తాగుడా?"

"తాగడన్నా. కామెర్లు ముదిరినయ్. పసరు మందని తిరిగినం, ఆలస్యమైంది. కల్హేర్ లైన్ల షేర్ ఆటో నడుపుతడు. సంగమేశ్. నువ్వు సూసే ఉంటవ్."

"సంగమేశా? పాటలు పెద్దగ పెట్టుకోని పోతడు, గాయ్ననా?"

"గాయ్నే."

"అరే, ఎర్కే. ఒకసారి సప్పుడు తగ్గియ్యమంటే, నీ సెవులు మూసుకో అన్నడు నాతోని."

"అంటడు. ఎవ్వరినైన అంటడు."

"నవ్వొచ్చింది నాకు. మంచిగైతడు తియ్యి. గాని ఒక మాట ఇను. ఓనర్లకు బీమారి సంగతి చెప్పకు. లైన్ మీద పోయిండు, వస్తడు అను."

"వచ్చినంక సూస్తరు కద."

"వచ్చినంక వచ్చినట్టే. దిగకముందు ఆపుడు అల్క. దిగినోళ్లను ఎల్లగొట్టుడు కష్టం. పదిహేనేండ్ల సంది ఇదే పని నాది. ఫోన్ మోగుతుంది సూడు నీది."

"హలో... ఆఁ ఆకాష్. సంగారెడ్డి దాటిండ్రా? గంత జల్దీ ఎందుకురా? డ్రైవర్‌కు చెప్పు, బండి మెల్లగ రమ్మను. జోగిపేటల ఆపుండ్రి. చాయ్ తాగుండ్రి... నువ్వు దిగకు. బావను ఒక్కన్ని ఇడ్సిపెట్టకు. డ్రైవర్‌నే తాగమను."

"తమ్ముడా?"

"ఆఁ. మా తమ్ముడే. ఆయన్ను తీస్కొస్తుండు."

కంగ్టి రోడ్డులో రెండంతస్తుల మేడ. పై వాటాకు బోర్డు వేలాడుతోంది. ఇంటావిడ స్వరూపరాణి మెట్ల దగ్గరే నిలబడింది.

"పైకి మెట్లు ఇవ్వేనా మేడం?"

"ఇవ్వే. ఏం?"

"నడుమల మలుపు తిరుగుతయా?"

"తిరుగుతయ్. మా కోడలి పెండ్లి బీరువనే ఎక్కింది."

"బీరువను నిలవెట్టి ఎక్కియ్యొచ్చు."

"నువ్వేం ఎక్కిస్తవ్ మరి?"

"మంచం."

"మంచం ఇప్పి ఎక్కిస్తరు. లోపటికి రా, కిచెన్ సూడు. గట్టుకు నల్లరాయి ఏపిచ్చిన. నీళ్లు ఇరవై నాలుగ్గంటలు."

"కిచెన్ మంచిగనే ఉంటది మేడం. కింద ఏమన్న ఖాళీ ఉందా?"

"కింద మేముంటం. ఎంతమంది మీరు?"

"నేను, మా బిడ్డ. బిడ్డ జహీరాబాద్ హాస్టల్ల సదువుతది."

"ఆయన?"

"ఆటో మేడం. పొద్దంత లైన్ మీదనే—"

"ధర్మేందర్, నిన్ను అడుగుతలేను. ఆమెను అడుగుతున్న."

"దవాఖానల ఉండె మేడం. ఇయ్యాల వస్తుండు."

"ఏమైంది?"

"లివర్."

"చూసినవా ధర్మేందర్? నౌకరి జేసేటోళ్లను తీస్కరమ్మంటే ఎవర్ని తీస్కొస్తవ్ నువ్వు?"

"మంచిగైందంట మేడం. డిశ్చార్జ్ చేసిండ్రు."

"మా అత్త పోతే నచ్చత్రం మంచిది కాదన్నరు. సొంత ఇల్లు మూడు నెలలు తాళమేసి మేమే బయట ఉన్నం. సొంత మనిషికే గట్లయితే, ఎవల్నో తెచ్చి పెట్టుకుంటనా నేను?"

"ఆయన పోతడని ఎవరన్నరు మేడం?"

"నేనన్లేదమ్మా. నువ్వే మెట్లు కొలుస్తున్నవ్."

మేడ దాటి కొంత దూరం పోయాక ధర్మేందర్ బండి పక్కకు ఆపాడు.

"దిగక్కా. దిగు. నాతోని కాదు."

"అన్నా—"

"ఏం చెప్పిన నేను? నోరు తెరవకు అన్న. నువ్వు దవాఖాన, లివర్, అన్నీ చెప్పుకుంటవోతివి. ఇగ ఆమె రేపు నాకు తాళమిస్తదా? ఎవ్వరైన కిచెన్ సూస్తరు, నీళ్లు సూస్తరు. నువ్వేమో మెట్లు, మలుపు!"

"కింది ఇల్లు కావాలన్నా. దర్వాజ జర వెడల్పుండాలె. వాకిట్ల పదిమంది నిలవడే జాగుండాలె. ఇంకేమొద్దు. బాత్రూం లేకున్న సరే."

"బాత్రూం లేకున్ననా? పేషెంటును పెట్టుకోని? ఊర్ల ఇల్లుంటది కద, గాడికే తీస్కపోరాదు."

"సిర్గాపూర్ అవుతల మా ఊరు. పోయిన వానలకు ఇల్లు కూలింది. జాగ ఉన్నది, పైన రేకు లేదు. ఎండల పండవెట్టాల్నా ఆయన్ను?"

"సుట్టాలు?"

"సుట్టాలే చెప్పిండ్రు, ఖేడ్లనే ఏదన్న సూసుకో అని. ఒక్కటన్నా. ఇంకొక్కటి సూపియ్యి. నీ కమీషన్ డబల్ తీస్కో."

"డబల్ ఎవడడిగిండు? ఒకటున్నది. నీకు చెప్పొద్దనుకున్న. చంద్రమ్మ అని, ముసలామె. పాత ఇల్లు. తొమ్మిది నెలల సంది ఖాళీ."

"తొమ్మిది నెలలా? ఎందుకు?"

"నువ్వే అడుగు. అడగకుంటే ఇంక మంచిది."

"మళ్ల ఫోన్... హలో. జోగిపేటల ఆపమంటి కదరా! శంకరంపేట దాటిండ్రా? ఇంకా దొరకలే. దొరుకుతది. పెట్రోల్ బంకు కాడ నీడకు ఆపు. ఏసీ బంద్ చెయ్యొద్దని చెప్పు. ఆ డ్రైవర్ కోపం జేస్తే చెయ్యనియ్యి. మెల్లగ రాండ్రి. మెల్లగ."

ఊరి చివర పాత పెంకుటిల్లు. కొత్తగా సున్నం వేశారు. వెనక గదిలో చంద్రమ్మ ఉంటుంది. ముందరి రెండు గదులు కిరాయికి. ధర్మేందర్, సునీత వాకిట్లోకి వచ్చేసరికి ఆమె చాటలో బియ్యం ఏరుతోంది.

"పెద్దమ్మా, ఇల్లు సూస్తదంట. మంచి మనుషులు."

"మంచోళ్లో కాదో మొఖం మీద రాసుంటదారా? కూసో బిడ్డా. నీళ్లు తాగుతవా? పెదువులు ఎండిపోయినయ్."

"నీళ్లొద్దు పెద్దమ్మా. ఈ దర్వాజనేనా ముంగట?"

"గదే. టేకుది. మా ఆయన బీదర్ పోయి తెచ్చిండు. ఎడ్లబండి సొచ్చేటంత ఉంటదని నవ్వేటోళ్లు అప్పుడు."

"మంచిగుంది."

"లోపట సూడకముందే మంచిగుందంటవేంది? సూడు. సూసినంక నా మాట గూడ ఇను. దాసుకోని ఇచ్చేదాన్ని కాదు నేను. నీకు ముందల ఉన్నోళ్లల్ల ఒక ముసల్ది, గా మూల రూంల పోయింది. అయింది, పోయింది. దేవుని పని. గాని తొమ్మిది నెలలు ఎవ్వరు రాలేదు బిడ్డా. అంగడికి వచ్చి రాత్రి పండేటోళ్లు గూడ వద్దన్నరు. ఈ కిరాయే నాకు తిండి. కొడుకుల్లేరు. బిడ్డ ఇంట్ల ఎన్నొద్దులు తింట? అప్పుజేసి సున్నమేపిచ్చిన. అయ్యగారిని పిలిచి శాంతి చేపిచ్చిన. అందుకే అడుగుత అందర్ని. కోపానికి రావొద్దు. ఇంట్ల మూలుగుతున్నోళ్లు ఎవరన్న ఉన్నరా?"

"మూలుగుతలేరు పెద్దమ్మా."

"ఆయన యాడున్నడు?"

"ధర్మేందరన్నకు చెప్పిన... దవాఖాన నుంచి వస్తుండు."

"దవాఖానా?"

"కామెర్లు పెద్దమ్మా, గంతే. అందరికి వస్తయ్. మంచిగైంది."

"నువ్వాగురా. నడుస్తడా బిడ్డా ఆయన?"

"మోసుకొస్తరు."

"నాల్గు రోజులైతే లేస్తడా?"

"లేస్తడు పెద్దమ్మా, ఎందుకు లేవడు? నలభై ఏండ్లు లేవు మనిషికి. ఆటో నడుపుతడు, పాటలు పాడ్తడు. నాకు ఎర్కున్న మనిషి. నా పూచీ."

"నీ పూచీనా?"

"నా పూచీ."

"నేన్నిన్ను అడుగుతలేనురా, ఈ పిల్లను అడుగుతున్న. ఏడుస్తుందేందిరా ఇది? ఊకో. ఊకో బిడ్డా. మొగడు పానం బాగలేకుంటే ఆడిదాని బతుకు నాకు తెల్వదా? నేనే జావ కాసిస్త. కామెర్లకు మజ్జిగ మంచిది. రా, లోపట దీపం పెట్టు ముందుగాల. దీపం పెట్టినంక తాళమిస్త. సంచి గీడ పెట్టు."

"ఫోన్ సంచిల ఉన్నదన్నా. మోగితే..."

"నేను సూస్త, పో అక్కా."

చంద్రమ్మ ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. కాసేపటికి సంచిలో ఫోన్ మోగింది. ధర్మేందర్ తీశాడు.

"హలో. నేను తమ్మీ, ఇల్లు సూపెట్టేటాయన్ని. మీ అక్క లోపట దీపం పెడ్తుంది. ఇల్లు దొరికింది. పరేషాన్ కాకుండ్రి."

"దొరికిందా అన్నా? దేవుడు సల్లగ సూసిండు. మేం నిజాంపేట దాటి వచ్చినం. పది నిమిషాలు. డ్రైవర్ ఇంక ఆగనంటుండు. బావను దించంగనే మళ్ల పట్నం పోవాల్నంట. యాడికి రావాలె?"

"పెట్రోల్ బంకు దాటంగనే ఎడమకు. నేను రోడ్డు మీద నిలవడ్త."

"ఇంకోటన్నా. ఇంట్ల కరెంటు మంచిగుందా? ఐస్ బాక్స్ ఆయన అడుగుతుండు. పెద్ద ప్లగ్గు కావాల్నంట."

"ఐస్ బాక్సా? ఏం ఐస్ బాక్స్?"

"గదే, బావను పెట్టనీకి. హలో? అన్నా?"

"ఏమంటున్నవ్ తమ్మీ?"

"తెల్లారగట్ల నాలుగింటికి పానం పోయింది కదన్నా. అక్క చెప్పలేదా?"

సునీత వాకిట్లోకి వచ్చింది. తాళంచెవి చేతిలో ఉంది. ధర్మేందర్ ఫోన్ ఇంకా చెవి దగ్గరే పెట్టుకుని ఉన్నాడు.

"మా తమ్ముడేనా?"

"పొద్దున్నుంచి సచ్చిన మనిషికి ఇల్లు సూపిస్తున్ననా నేను?"

"మెల్లగ మాట్లాడన్నా. ఇనవడ్తది."

"ఇనవడనియ్యి! లేస్తడని చెప్పిన ఆమెకు. నా పూచీ అని చెప్పిన. నాతోని చెప్పిచ్చినవ్."

"నేను చెప్పమన్లేదు."

"చెప్పొద్దని గూడ అన్లేదు కద."

"బతికున్నోనికే ఇస్తలేరన్నా. మెట్ల కాడనే ఎల్లగొట్టె. ఇగ నేనేం చెప్పాలె?"

"ఊర్ల మీ జాగలనే టెంటు ఏసుకోవచ్చు కద. స్మశానం కాడ షెడ్డుంటది. అందరు గట్లనే చేస్తుండ్రు గిప్పుడు, కిరాయికున్నోళ్లు."

"బిడ్డకు ఇంకా చెప్పలేదు. జహీరాబాద్ల బస్సెక్కింది. నాయిన ఇంటికొస్తుండు, నువ్వు గూడ రా అన్న. ఏ ఇంటికమ్మా అన్నది. బస్సు దిగినంక చెప్త అన్న. స్మశానంల షెడ్డుకు రమ్మని ఎట్ల చెప్పాలన్నా దానికి? ఒక్క రాత్రి. రేపు పొద్దుగాల్నే ఊరికి తీస్కపోతం. ఆఖరుసారి ఒక గడప లోపట ఉండనియ్యి ఆయన్ను."

"ఈ ముసలామె గతేంది మరి? తొమ్మిది నెలలు ఉపాసముండి సున్నమేపిచ్చింది. ఇగ ఈ ఇంటి మొఖం ఎవడన్న సూస్తడా?"

"ఎర్కనే."

"ఎర్కుండి దీపం పెట్టినవా?"

"పెట్టిన. పెట్టుకుంట ఆమె కాళ్లు మొక్కిన. ఎందుకు మొక్కుతున్నవే పిచ్చిదానా అన్నది."

"పోయి చెప్పు ఆమెకు. ఉన్నదున్నట్టు చెప్పు."

"చెప్తే ఉండనిస్తదా? నువ్వు చెప్పన్నా. ఉండనిస్తదా?"

"ఉండనియ్యది."

"నువ్వైతే ఉండనిస్తవా? నీ ఇంట్ల?"

"నాది గూడ కిరాయి ఇల్లే అక్కా. రేపటి సంది ఈ ఊర్ల నాకెవ్వడు తాళమియ్యడు. తెలుసా నీకు?"

"తెలుసు."

"తెలుసంటది! అన్నీ తెలుసు ఈమెకు."

"బండి సప్పుడైతుందన్నా."

చంద్రమ్మ బయటికి వచ్చింది.

"ఏందిరా ధర్మేందర్, వాకిట్ల గుసగుసలు? గా మూల మల్పుకాడ పెద్ద బండి ఆగింది. వచ్చిండ్రా?"

"వచ్చిండ్రు పెద్దమ్మా."

"మరి గట్లనే నిలవడ్డరేంది ఇద్దరు? ఫోన్ల ఏమంటుండె పిలగాడు? ఆయన మంచిగనే ఉన్నడా? ఏమన్న దాస్తున్నవారా నా కాడ?"

"ఏం లేదు పెద్దమ్మా. మనిషి నిద్రపోతుండంట. మెల్లగ దించుతరంట. నువ్వు జర లోపటికి పో."