ఉత్తరానికి తల

నా పేరు యాదవ్వ. వయసు అరవై ఎనిమిది. ఊరు నంగునూరు, వ్యవసాయం. ఈ వాంగ్మూలం రాయకముందు ఎస్సై సారు ఆరోగ్యం అడిగాను, బాగుందన్నారు. రాసుకునే మేడమ్‌ను దగ్గు తగ్గిందా అని అడిగాను. ఎక్స్‌రే తీసే ఎస్తేర్ మీ లాకప్పులో అన్నం తింటున్నదా అని అడిగాను.

జూన్ మూడు, మంగళవారం, పొద్దున ఎనిమిదిన్నరకు మా ఆయన పర్శరాములు ట్రాక్టరు మీది నుంచి పడ్డారు. నడుము నొప్పి అన్నారు. కాళ్లు కదిలాయి. దారిలో కాలివేళ్లు ఆడించి చూపించారు. నేను భయపడుతున్నానని మళ్లీ ఆడించారు.

పదిన్నరకు సిద్దిపేటలో ఒక ప్రైవేటు దవాఖానకు చేరాం. మా కొడుకు రాజశేఖర్ బయట కాగితాలు నింపుతున్నాడు. ఎక్స్‌రే గదిలో ఎస్తేర్ ఒక్కతే ఉంది. వెల్లకిలా ఒకటి తీసింది. రెండోదానికి ఆయన్ను పక్కకు తిప్పాలి, దానికి ఇద్దరు కావాలి. "అవ్వా, ఇంకొకర్ని పిల్చుకొస్త. నువ్వు తాతను ముట్టకు" అని పోయింది. ముట్టవద్దని రెండుసార్లు చెప్పింది.

తలుపు తూర్పుకు ఉంది. అప్పుడు చూశాను, ఆయన తల ఉత్తరానికి ఉంది. యాభై ఏళ్లలో ఆయన పడక నేను ఎన్నడూ అట్లా వేయలేదు. మనసు ఆగలేదు. చంకల కింద చేతులు వేసి తల కొంచెం తూర్పుకు జరిపాను. కొంచెమే. ఆయన అరవలేదు. "ఏమే, నా కాళ్లు ఏడున్నయే?" అన్నారు.

ఎస్తేర్ వచ్చి, "కదిపినవా అవ్వా?" అని అడిగింది. లేదన్నాను. ఆ పిల్లే మొరటుగా తిప్పిందని మా కొడుకు కేసు పెట్టాడు. నేను పక్కనే ఉండి ఊరుకున్నాను.

ఐదో తారీకున హైదరాబాదులో ఆపరేషన్ అయింది. అక్కడ ఎక్స్‌రేకు ఆయన్ను ఎవరూ తిప్పలేదు. మీట నొక్కితే మిషను దానంతట అదే పైనుంచి వచ్చి, ఆయన చుట్టూ తిరిగి, పక్కన ఆగింది. తీసే అతను ఆయన్ను వదిలి ఎక్కడికీ పోలేదు, అద్దం వెనక నుంచి చూస్తూనే ఉన్నాడు. "మనిషిని కదిపే పనే లేదవ్వా, మిషనే తిరుగుతది" అన్నాడు. అది ఇక్కడ ఉంటే ఎస్తేర్ ఎవరి కోసమూ పోయేది కాదు. నేను ఒక్కదాన్నే ఉండేదాన్ని కాదు. అక్కడ ఆయన తల ఎటు ఉందో నేను చూడలేదు.

ఆయన రోజూ "వేళ్లు ఆడుతున్నయా చూడే" అంటారు. ఆడుతున్నాయని చెబుతున్నాను.

తప్పు నాది. ఆ పిల్లను వదిలిపెట్టండి. ఇంట్లో ఇంకా చెప్పలేదు.

రాసింది మేడమ్ చదివి వినిపించారు. నేను చెప్పిందే ఉంది, జరిగిందే చెప్పాను. ఎవరూ బెదిరించలేదు. ఎడమ బొటనవేలి ముద్ర వేశాను.

ఆయన్ను మళ్లీ ఎక్స్‌రేకు హైదరాబాదు డాక్టర్లు తీసుకురమ్మన్నారు. ఆ రోజు నేను గది బయట కూర్చుంటాను. ఈ నెల ఇరవై మూడు, సోమవారం, పదకొండు గంటలకు.