బోర్డు లేని గేటు దగ్గర

భద్రాచలంలో ట్రాఫిక్ పోలీసుల గదికి చలానా మెసేజీతో వచ్చినవాళ్ల కోపం కానిస్టేబులుకు కొత్త కాదు. ఈ దర్జీ ముసలాయనా అలాగే వచ్చాడు.

“దవాఖానా గేటు కాడ బోర్డే లేదు సార్. బండి పెట్టొద్దని నాకెట్ల ఎర్కయితది?”

“ఫోటో ఉంటది చాచా, చూద్దాం.” కానిస్టేబులు కంప్యూటర్ తెర ఇటు తిప్పాడు. “నీ బండే కదా? మీద ఒకామె ఇటే చూసుకుంట కూసున్నది.”

ముసలాయన తెర దగ్గరికి వంగాడు.

“మా ఆమె. వీల్‌చైర్ తెస్త, ఈడనే కూసోమని చెప్పి లోపటికి ఉరికిన.”

“ఇప్పుడెట్లున్నది?”

“ఆ రోజు లోపటికి పోయింది. మళ్ల ఇంటికి రాలే సార్.”

కానిస్టేబులు గొంతు తగ్గింది. “బోర్డు లేని మాట నిజమే చాచా. పెద్దసారుకు చెప్పి చలానా తీసేపిస్త.”

“తీసేస్తే ఫోటో గూడ పోతదా?”

“ముందుగాల నీకు ప్రింటు తీసిస్త.”

“జల్ది ఇయ్యి బిడ్డా. ఫోటో అంటెనే మొఖానికి చున్నీ అడ్డం పెట్టుకునేది. ఆడ బోర్డు ఉంటే నేను బండి ఆపేటోన్నే కాదు. గీ ఒక్క ఫోటో గూడ మిగిలేది కాదు.”