పక్కనున్న మనిషి

కడియం నర్సరీ నుంచి రాజమండ్రి పెద్దాసుపత్రికి పోతున్న ఆటో, మధ్యదారిలో రైలు గేటు దగ్గర ఆగిపోయింది. వెనక సీట్లో లారీలకి మొక్కలు ఎక్కించే సత్తియ్య, పక్కన అతని పెళ్ళాం పాపాయి, ముందు ఆటో తోలుతున్న శాంతికుమారు. తన అరచేతిలో ఎండిన రక్తపు చుక్క మీంచి సత్తియ్య చూపు తియ్యడం లేదు.

"ఆ చేతిని చూడకయ్యా. నాకేసి చూసి చెప్పు. నిన్న సీరియల్లో ఏమైంది?"

"పాము కరిచి నేను పోతుంటే సీరియలేంటే నీకు?"

"నిద్రపోతే విషం తలకెక్కుద్దంట. మాట్లాడిస్తా ఉండమన్నాడు శాంతికుమారు. చెప్పు."

"అవును బాబాయ్, మాట్లాడతానే ఉండు. గూడ్సు పోతే గేటు ఎత్తేస్తారు. రెండు నిమిషాలు."

"ఎన్ని రెండు నిమిషాలురా. కరిచి అప్పుడే గంటన్నర అయింది. వ్యాను పంపుతా, వ్యాను పంపుతా అని ఆ నర్సరీ మేనేజరు…"

"వ్యాను సంగతి వదిలెయ్. సీరియల్."

"ఏముంది. ఆ టిఫిన్ హోటలు కోడలి మొగుడికి ఉద్యోగం పోయింది. పెళ్ళానికి చెప్పకుండా రోజూ క్యారేజీ పట్టుకెళ్ళి పార్కులో కూర్చుంటన్నాడు. నిన్న కుక్క ఆ క్యారేజీ ఎత్తుకుపోయింది. నువ్వు పడీ పడీ నవ్వావు."

"నువ్వు నవ్వలేదేంటి?"

"నవ్వాను. తర్వాత వాడు ఆ ఖాళీ గిన్నెలు ఏరుకుని, కుళాయి కింద కడుక్కుని, ఇంటికొచ్చి కూర బాగుందన్నాడు. అప్పుడు నాకు నవ్వు ఆగిపోయింది. నవ్వించేదైతే నవ్వించాలి, ఏడిపించేదైతే ఏడిపించాలి. రెండూ ఒకే గిన్నెలో వేసి కలిపితే ఎలాగ తింటాం? పాపాయీ, నా వేళ్ళు చల్లబడిపోతన్నాయే."

"భయానికి అలాగే ఉంటాయి."

"కట్లపామే కదా? నువ్వు కూడా చూశావు కదా?"

"చూశాను. నల్లగా, తెల్ల కట్లు. మొక్క కవరు అడుగు నుంచి జారిపోయింది."

"నువ్వు అడుగున చెయ్యేసి ఎత్తి ఇచ్చావు, నేను పైన మొదలు పట్టుకున్నాను. చురుక్కుమంది. కాగితంపూల ముల్లే అనుకున్నాను. పదహారేళ్ళ నుంచి ఈ చేతుల్లో ముళ్ళే కదా. పాము పన్నేదో ముల్లేదో తెలియని వెధవనైపోయాను."

"తిట్టుకోకు. గేటెత్తారు చూడు. ఆ… ప్రేమ సినిమా సంగతి చెప్పు. మొన్న నా ఫోన్లో చూశావు కదా."

"దాన్ని సినిమా అంటారా? ఇంటర్వెల్ దాకా ఇద్దరూ కొట్టుకుంటారు. ఆ పిల్ల వాణ్ణి చెప్పు తీసుకు కొడతానంటది. వాడి స్నేహితుడొకడు, బక్కోడు, బురదలో పడతా ఉంటాడు. అందులో నవ్వేదేముంది?"

"నాకు బానే… నవ్వొచ్చింది."

"నీకు అన్నిటికీ వస్తది. పెళ్ళయిపోగానే శుభం అని వేసేస్తారు. అసలు కథ అక్కణ్ణించే కదా? కూలి దొరకని రోజు వీళ్ళిద్దరూ ఏం పాటలు పాడతారో చూపించమను."

"నీళ్ళు… దిగట్లేదయ్యా. గొంతులోనే ఉండిపోతన్నాయి."

"ఏడ్చేవు కదా, గొంతు బిగిసుంటది. నా కోసం ఏడుస్తావని నాకేం తెలుసు. పొద్దున్నే చద్దన్నం ఉప్పగా ఉందని గిన్నె తోసేశాను నేను."

"శాంతికుమార్లు… ఇద్దరు కనపడతన్నారు."

"ఇద్దరేంటే? తిండి లేక కళ్ళు తిరుగుతన్నాయి నీకు. నువ్వు కూడా తినలేదు."

"చెప్పు… ఆపకు."

"చెబుతున్నాను. అసలు నాకు కోపం ఎక్కడంటే, ఆ పిల్ల ఊరంతా తిరుగుద్ది, నన్ను ప్రేమించేవాడెవడా అని. వాడు పక్కింట్లోనే ఉంటాడు. దాని స్కూటీకి గాలి కొడతాడు, జ్వరమొస్తే మందు తెస్తాడు. చూసే మనకి తెలుసు, పక్కనున్న మనిషిని చూసుకోడానికి దానికి మాత్రం రెండున్నర గంటలు పట్టింది. అంత కళ్ళు కనపడనోళ్ళు ఉంటారా ఎక్కడైనా?"

"బాబాయ్, ఒక మాట అంటాను, ఏమనుకోకు."

"ఏంట్రా? టైరు పోయిందా?"

"లేదు లేదు, వంతెన దిగితే వచ్చేసినట్టే. నీ మాట గడగడా ఉంది. కట్లపాము కరిస్తే నాలిక మొద్దుబారుద్దంటారు. రెప్పలు వాలిపోతాయంట. నీకు గాట్లు రెండున్నాయా, ఒకటా?"

"ఒకటే కనపడతంది. పాపాయీ, నువ్వు చూడు. నా రెప్పలు వాలిపోతన్నాయా?"

"చూస్త… న్నాను."

"పాపాయీ. నిన్నే. కళ్ళు మూసుకుని చూస్తావేంటే?"

"తెరిచే… ఉన్నాను."

"తెరవలేదే నువ్వు. ఇలా తిరుగు. నీ చెయ్యేది? ఇది కాదు, కవరు అడుగున పెట్టిన చెయ్యి."

"నొప్పేం… లేదయ్యా. దోమ…"

"చిటికెనవేలు పక్కన. రెండు చుక్కలు. శాంతికుమారూ, రెండు చుక్కలున్నాయిరా."

"వచ్చేశాం బాబాయ్, ఇదే ఆసుపత్రి గేటు. నువ్వు కదలకు, దిగకు. స్ట్రెచర్ తీసుకురమ్మంటాను నీకు."

"నాకు కాదురా, దానికి. నాది ముల్లే. పాపాయీ, నాకేసి చూడు. కుక్క క్యారేజీ ఎత్తుకుపోయింది కదా. తర్వాతేమైందో ఇప్పుడు నువ్వు చెప్పు."